సిల్వర్ జూబ్లీ కమిటీకి ఒక పాత నాన్‌బోర్డర్ బహిరంగ లేఖ

కమిటీల ఉన్న అన్నలకు, తమ్ముళ్లకు, నా ఈడు దోస్తులకు నమస్తే.

2001ల ఉస్మానియా క్యాంపస్‌ల పీజీ అయిపోగొట్టుకోని బయటపడ్డ హాస్టల్ బ్యాచ్ అంత ఇరవై ఐదేండ్లకు ఒక్కసారి కలుద్దామని మీరు గ్రూపుల పెట్టిన మెసేజ్ చూసిన. మంచి ముచ్చట. ఎవలో ఒకలు ముందట పడకపోతే ఇసొంటియి కావు, మీరు పడ్డరు, షామీర్‌పేట దిక్కు రిసార్టు మాట్లాడిన్రు, క్యాటరింగ్ చూసిన్రు, అందరి నంబర్లు జమ చేస్తున్నరు, దానికి మీకు దండం పెట్టాలె. ఇగ ఆ మెసేజ్ కింద ఉన్న ఫారం నింపుదామని కూసున్న. పేరు, ఊరు, నౌకరి, ఫోన్ నంబరు, బ్లడ్ గ్రూపు (ఇదెందుకో నాకు సమజ్ కాలే, అక్కడ మనం తన్నుకుంటమనా?), అన్నీ నింపిన. ఆరో గడికి వచ్చినంక ఆగిపోయిన. "హాస్టల్ అడ్మిషన్ నంబరు, బోర్డర్‌గా ఉన్న సంవత్సరాలు" అని ఉంది, పక్కన ఎర్ర చుక్క, తప్పనిసరి అన్నట్టు. అది నింపకపోతే ఫారం ముందలికి పోతలేదు. కింద సన్న అక్షరాలల్ల ఇంకో మాట: పాత రిజిస్టర్ల పేరు ఉన్నోళ్లకే ఆహ్వానం, తలకు నాలుగు వేలు.

నేను ఆ గడి నింపగల్గుత, అనుమానం లేదు. రెండో ఏడాది నాకు సీటొచ్చింది, నంబరు గూడ యాదికుంది. గని మొదటి ఏడాది నేను నాన్‌బోర్డర్‌ను, అందుకనే ఈ లేఖ రాస్తున్న. మీరు పిలుస్తున్న లిస్టుల మన హాస్టల్ సగమే ఉంది. ఇంకో సగం ఏ రిజిస్టర్ల లేదు, ఎప్పుడు లేకుండె.

బయటోళ్లు గూడ చదువుతరు గాబట్టి నాన్‌బోర్డర్ అంటే ఎవలో జెర చెప్త. యూనివర్సిటీల చదువుతుండు గని హాస్టల్ల సీటు రాలే. లేకపోతే చదువు అయిపోయింది గని నౌకరి రాలే. అదీ కాకపోతే ఊర్ల నుంచి పోటీ పరీక్షలకు చదువుకుందామని పట్నం వచ్చిండు, రూం కిరాయి కట్టే తాకత్ లేదు. ఇసొంటోడు సీటున్న ఎవడో ఒక బోర్డర్ రూంల, ఆయన మంచం పక్కన చాప ఏసుకోని, రేకు పెట్టె మంచం కిందికి తోసి ఉంటడు. చుట్టం కావాల్సిన పనిలేదు, ఒక్క జిల్లావోడు కూడ కానక్కరలేదు. "అన్నా, నాలుగు రోజులుంట" అని వస్తడు, నాలుగేండ్లకు పోతడు. కాయితం మీద ఇద్దరికి ఇచ్చిన రూంల ఐదుగురుంటరు, నోటిఫికేషన్ పడ్డదంటే ఏడుగురు. రూలు ప్రకారం తప్పే. అది తప్పని అందరికి తెలుసు, తప్పని తెలిసే అందరం చేసినం, ఎందుకంటే ఆ తప్పు లేకపోతే మన తెలంగాణ ఊర్ల నుంచి ఒచ్చిన పిల్లగాండ్లల్ల సగం మంది ఇమ్లీబన్ బస్టాండ్ నుంచే రిటర్న్ టికెట్ కొనుక్కునేటోళ్లు.

నా సంగతి గదే. నాకు ఎమ్మే సీటు ఆఖరి కౌన్సెలింగ్‌ల వచ్చింది, అప్పటికే హాస్టళ్లు నిండినయి. మా డిగ్రీ కాలేజీ సారు ఒక చీటీ రాసిచ్చిండు, ఫలానా రూంల మా పాత స్టూడెంట్ ఉంటడు, పోయి కలువు అని. దేవరకొండ బస్సుల పెట్టె, సగం సంచి బియ్యం ఏసుకోని వచ్చి, సిటీ బస్సు ఎక్కి, కండక్టర్‌తోని బియ్యం సంచికి టికెట్ లొల్లి పెట్టుకోని, తార్నాకల దిగి, అక్కడికెంచి నడుసుకుంట పోయి ఆ తలుపు కొట్టిన. లోపట బనీన్ మీద ఒకాయన కూసోని అట్లాసు ముందటేసుకోని నదుల పేర్లు బట్టీ కొడుతుండు. చీటీ తీస్కోని చదివిండు. "ఈయన ఖాళీ చేసిపోయి మూడు నెల్లాయె తమ్మీ" అన్నడు. నాకు కండ్లల్ల నీళ్లొక్కటే తక్కువ. ఆయన చీటీ మడత పెట్టి అట్లాసుల పేజీకి గుర్తు పెట్టుకోని, "పెట్టె లోపట పెట్టు. తిన్నవా?" అన్నడు.

గంతే. నీ కులమేంది, మీ ఊరెక్కడ, ఎన్ని రోజులుంటవ్ అని ఒక్క మాట అడగలే. ఆయనది ఆదిలాబాద్ దిక్కు, నాది నల్లగొండ దిక్కు, మా మధ్య రాష్ట్రం సగం ఉంది. ఆ రూంల నేను ఏడాది ఉన్న.

తిండి ముచ్చట మీకు నేను చెప్పేది ఏముంది గని, ఇప్పటి పిల్లలకు తెల్వది. మెస్సుల డివైడింగ్ సిస్టమ్ ఉండె, నెలకు అయిన ఖర్సంత బోర్డర్ల మీద సమానంగ పంచుడు. అంటే ఒక నాన్‌బోర్డర్ తిన్నడంటే ఆ బువ్వ ఖర్సు తెల్వకుంట అందరి మీద పడుతది. తెలిసి కూడ ఎవ్వడు నోరు తెరవకపోతుండె, ఎందుకంటే ప్రతోని రూంల ఒకడుండె. ఆదిలాబాద్ అన్న స్టీలు క్యారియర్ తీస్కోని పోయి "పాణం మంచిగ లేదు, రూంల తింట" అనేటోడు. వడ్డించేటాయన ఆయన మొఖం చూసి, క్యారియర్ చూసి, "రోజు పాణం మంచిగుండదా నీకు" అనుకుంటనే గిన్నెలు అదిమి అదిమి అన్నం నింపేది. పప్పుల పప్పు తక్కువ, సాంబార్ల ములక్కాయ ముక్క దొరికితే లాటరీ తగిలినట్టే. రూంల పాత పేపర్ పరిచి నలుగురం చుట్టూ కూసునేటోళ్లం. ఎవలన్న ఊరికి పోయొచ్చిన్రంటే మామిడికాయ తొక్కు వచ్చేది, నెలకు సరిపోవాలని అమ్మ కట్టిచ్చిన సీసా మూడో నాటికి కడిగి ఆరేసినట్టు ఉంటుండె. ఆదివారం చికెన్ నాడు మాత్రం క్యారియర్ నడవకపోతుండె, ముక్కలు లెక్కపెట్టి ఏసేటోళ్లు. ఆ రోజు అన్న తన ప్లేట్ల అన్నం కింద రెండు ముక్కలు దాసి, పైన ఇంకో ప్లేటు బోర్లేసి రూంకు పట్టుకొచ్చేటోడు. దొంగతనం అంటరా? ఆయన ముక్కలే అవి, ఆయన తినకుంట తెచ్చినయి.

పండుకునుడు ఇంకో కత. రెండు మంచాలు కలిపి, నడుమ సందుల గోనె సంచి మడతపెట్టి దాని మీద బొంత, గ సందు మీద పండుకునే వంతు కొత్తగ ఒచ్చినోనిది. అంటే నాది. ఎండకాలం అయితే అందరం మిద్దె మీదికే. రాత్రి రెండింటి దాక లైటు ఆరిపోకపోతుండె, చదివేటోడు చదువుతడు, పండేటోడు మొఖం మీద తువ్వాల కప్పుకుంటడు, ఇంకొకడు కాయిల్ హీటర్ మీద గుడ్లు ఉడకబెడ్తడు, ఫ్యూజు పోయి ఆ వరుస రూములన్ని చీకటయితే అందరు ఒక్కసారే కాయిల్ పెట్టినోని వంశాన్ని యాది చేసుకుంటరు.

రిజిస్టర్ల లేరు సరే, మరి వాళ్లు ఉన్నరనేటందుకు సాక్ష్యం ఏంది అంటే పోస్ట్‌మ్యాన్‌ను అడగాలె. అప్పట్ల హాల్ టికెట్లు, ఇంటర్వ్యూ కాల్ లెటర్లు అన్ని పోస్టులనే వచ్చేటియి. ఊరి అడ్రస్ ఇస్తే టైముకు చేరుతదో లేదో అని అందరు కేరాఫ్ ఏసి మన రూం నంబర్ రాసేటోళ్లు. ఒక్క రూంకు ఎన్ని పేర్ల మీద కవర్లు వచ్చేటియో! ఎవలు రూం మారిన్రు, ఎవలు ఊరికి పోయిన్రు, ఎవనికి రిజిస్టర్డ్ పోస్ట్ ఒస్తది, అన్ని ఆయనకు ఎరుకే. "ఆ పిల్లగాడు ఇప్పుడు కింద వరుసల ఉంటుండు గదా, ఆడికే ఇస్త తియ్" అని కవర్ తీస్కపోయేటోడు. డీఎస్సీ కాల్ లెటర్ల మీద ఉన్న ఆ కేరాఫ్ అడ్రస్సులు జమ చేస్తే మీ రిజిస్టర్ కంటే మంచి లిస్టు తయారయితది.

ఒక్కని గురించి చెప్పకపోతే ఈ లేఖ రాసి ఫాయిద లేదు. పేరు రాయను, చదివినోళ్లకు సమజైతది. ఖమ్మం దిక్కు నుంచి ఒచ్చినోడు. ఇంటి కాడ పనులు చేసుకుంట అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీల డిగ్రీ చదివిండు, అందుకని ఓయూల హాస్టల్ సీటు అడిగే హక్కే వానికి లేదు. ఎవ్వలు చెప్పిన్రో తెల్వది గని ఇంగ్లిష్ గ్రామర్ వానికి పిచ్చి. అబిడ్స్‌ల ఆదివారం ఫుట్‌పాత్ మీద అమ్మే పాత గ్రామర్ పుస్తకాలు కిలోల లెక్కన కొనుక్కొచ్చి చదివేది. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్‌ల ఎడమ దిక్కు రూలు, కుడి దిక్కు మన తెలుగు మాటల ఉదాహరణ, తప్పు చేసే కాడ ఆకుపచ్చ సిరాతోని గీత. పొద్దుగాల ఐదింటికి ల్యాండ్‌స్కేప్ గార్డెన్‌ల కూసోబెట్టి మాకు చెప్పేటోడు. తెలుగు మీడియంల చదివి, ఇంగ్లిష్ పేపర్ అంటే చెమటలు పట్టేటోళ్లం మేము. యాక్టివ్ వాయిస్ పాసివ్ వాయిస్ గురించి వాడు చెప్పిన ఉదాహరణ ఇప్పటికి నేను మా కాలేజీల చెప్త: "దొంగ పప్పు తిన్నడు, పప్పు దొంగ చేత తినబడింది, రెండిట్లల్ల మెస్సుల పప్పు లేదు." మా గుంపుల దాదాపు అందరికి టీచర్ నౌకర్లు వచ్చినయి. వానికి రాలే. ఒకసారి అర మార్కు, ఒకసారి వయసు, ఇంకోసారి బీఈడీ సర్టిఫికెట్ టైముకు అందలే. ఇప్పుడు వాళ్ల మండలంల జిరాక్స్ దుకాణం నడుపుకుంటుండు, పొద్దుమాపు పిల్లలకు ట్యూషన్ చెప్తుండు. మన బ్యాచ్‌ల ఉన్న లెక్చరర్లల్ల, హెడ్మాస్టర్లల్ల ఎంతమంది ఆ ఆకుపచ్చ సిరా నోట్స్ జిరాక్స్ తీసుకోని గట్టెక్కలే? మీ కమిటీలనే ముగ్గురున్నరు, నాకు తెలుసు. మరి ఆరో గడిల వాడు ఏం రాయాలె?

నౌకర్లు రాంగనే దోస్తానా అయిపోయిందనుకుంటరేమో, అది గూడ చెప్త. 2011ల సకల జనుల సమ్మె మీకు యాదికే ఉంటది, సెప్టెంబర్ 13కు మొదలైంది, 42 రోజులు. టీచర్లం, లెక్చరర్లం దిగినం, జీతం ఆగింది. దసరా పండుగ నడుమల వచ్చింది. మా ఇంట్ల ఇద్దరు చిన్నపిల్లలు, ఇల్లు కిరాయి, మా నాయినకు షుగర్ మందులు. నేను ఎవ్వలకు ఫోన్ చేయలే. ఒకనాడు పొద్దుగాల ఖమ్మం బస్సుల నుంచి డ్రైవర్ దించిపోయిన బియ్యం బస్తా ఉంది తీస్కోండ్రి అని మా ఊరి బస్టాండ్ నుంచి కబురొచ్చింది. బస్తా మీద మార్కర్‌తోని, వాని చెయ్యి రాతే, నా పేరు, దాని కింద "కేరాఫ్" అని రాసి మన పాత రూం నంబర్ ఏసిండు. జిరాక్స్ దుకాణపోడు గెజిటెడ్ ర్యాంకుకు దగ్గర ఉన్నోనికి బియ్యం పంపిండు. ఫోన్ చేసి తిడితే, "మెస్సుల నీ పాలు నేను తిన్న గదా, డివైడింగ్ అయిపోయింది ఫో" అన్నడు. అసలు వాడు తిన్నది నా పాలు గాదు, ఎవల పాలు ఎవలు తిన్నరో లెక్క తీయాలంటే సర్కారు లెక్కలు చూసే కాగ్‌ను పిలవాలె.

ఇగ చరిత్ర అంటరా. మీ ఇన్విటేషన్ మీద ఆర్ట్స్ కాలేజ్ ఫొటో పెద్దగ ఏసిన్రు, 1918ల యూనివర్సిటీ పెట్టుడు, 1939ల బిల్డింగ్ ప్రారంభం, ఆఖరి నిజాం, అన్ని రాసిన్రు, మంచిగుంది. ఆ బిల్డింగ్ తెరవకముందు ఏడాది, 1938ల, మన హాస్టళ్లల్ల పిల్లలు వందేమాతరం పాడిన ముచ్చట గూడ ఒక లైను రాయాల్సుండె. పాడొద్దన్నరు, పాడిన్రు, పేర్లు కొట్టేసిన్రు. వాళ్లను నాగపూర్ యూనివర్సిటీ తీసుకుంది. వరంగల్ దిక్కు గూడ ఆ లొల్లి పాకింది, అట్ల నాగపూర్ పోయి చదువుకున్నోళ్లల్ల పీవీ నరసింహారావు ఒకలు. అంటే మనం ఇయ్యాల ఛాతీ ఎడల్పు చేసుకోని చెప్పుకునే పేర్లల్ల కొన్ని, మీరు పెట్టిన రూలు ప్రకారం ఫారం నింపలేవు. రిజిస్టర్ పట్టుకోని మన హాస్టల్ చరిత్ర రాస్తమంటే నడవది అన్నా.

అమెరికాల ఉన్న మనోడు ఒకడు మొన్న ఫోన్ చేసిండు, మాటల మీద మాట ఈ సమ్మేళనం మీదికి వచ్చింది. వాని కొడుకు అక్కడ కాలేజీల ఫ్రాటర్నిటీల చేరిండట. గ్రీకు అక్షరాల పేర్లు పెట్టుకోని ఒక్క ఇంట్ల ఉంటరు, ఒకలనొకలు బ్రదర్ అని పిలుసుకుంటరు. 1776ల వర్జీనియాల విలియం అండ్ మేరీ కాలేజీల ఫై బీటా కప్పా అని మొదలైన పద్ధతి అది, మన దేశపు పిల్లలు గూడ 1990ల నుంచి సొంతంగ పెట్టుకుంటున్నరు, 1998ల టెక్సస్ యూనివర్సిటీ ఆస్టిన్‌ల పుట్టిన డెల్టా ఎప్సిలాన్ సై అసొంటియి. అందుట్ల చేరాలంటే ముందు ప్లెడ్జ్ అని కొన్ని వారాలు పరీక్ష లెక్క ఉండాలె, చందా కట్టాలె, ఉన్నోళ్లు ఒప్పుకోవాలె. కొన్నిట్ల ఆ పరీక్ష పేరు మీద తాగిచ్చుడు, కొట్టుడు జరిగి పిల్లలు సచ్చిపోయిన్రు గూడ, ఆఖరికి 2024 డిసెంబర్‌ల కాలేజీలు అసొంటి సంఘటనలు బయటపెట్టాలెనని అక్కడ దేశమంతటికి చట్టం చేసిన్రు. మంచి ఫ్రాటర్నిటీలు లేవని కాదు, వాని కొడుకుకు దొరికిన దోస్తులు మంచోళ్లే, ముసలితనం దాక ఒకలకొకలు నౌకర్లు చూపిచ్చుకుంటరట. మనోడు చెప్పిన ముచ్చటల నాకు గుర్తుండిపోయింది ఏందంటే, "మామా, అక్కడ బ్రదర్ కావాలంటే ఎంట్రీ ఫీజు ఉంటది, మనకు ఎవడన్న అడిగిండార?" అన్నడు. నేను, మన కమిటీ పెట్టిన నాలుగు వేల ఫారం చూసినవా అన్న. ఇద్దరం నవ్వినం గని, నాకు లోపట నవ్వు రాలే.

మన కాడ ర్యాగింగ్ లేకుండెనా అంటే ఉండె, 1997ల చట్టం వచ్చినంక జెర భయం పెరిగింది. మా రూంల కొత్తగ ఒచ్చినోనికి పెట్టిన శిక్షల్లా చాయ్ తెచ్చుడు, గోనె సంచి మీద పండుడు. గది మా ప్లెడ్జ్.

ఆడపిల్లల ముచ్చట గూడ ఎత్తాలె. మీరు ఇది మగ పిల్లల హాస్టల్ సమ్మేళనం అన్నరు, సరే, బోర్డర్లు మగోళ్లే. గని లేడీస్ హాస్టల్ల గూడ గెస్టులు ఉండేటోళ్లు, వాళ్ల తిప్పలు మనకంటే నాలుగింతలు, చెకింగ్ గట్టిగ, గేటు టైము గట్టిగ. మన క్లాసు నోట్స్ సగం వాళ్ల చేతిరాతనే. ఆర్ట్స్ కాలేజ్ మెట్ల మీద జిరాక్స్ కాయితాలు ఇచ్చిపుచ్చుకోని, సెంట్రల్ లైబ్రరీల కుర్చీలు పట్టిపెట్టుకోని చదివిన వాళ్లను పక్కకు పెట్టి మనం మనమే కూసోని మనం ఎంత గొప్పోళ్లమో చెప్పుకునుడు నాకైతే మంచిగ అనిపిస్తలేదు. ఒక్క పూటన్న అందరిని పిలువుండ్రి.

ఇంకోటి, మీ కార్డు మీద ముఖ్య అతిథులు ఎనిమిది మంది. అన్నం పెట్టినోళ్ల పేరు ఒక్కటి లేదు. "రోజు పాణం మంచిగుండదా" అన్న ఆయన రిటైరయి మాణికేశ్వర్ నగర్ల కొడుకు దగ్గర ఉంటుండని విన్న. ఆయనను పిలవాలె, శాలువా గిట్ల కప్పి ఫొటో దిగి పంపుడు గాదు, మన నడుమల కూసోబెట్టుకోని మనం వడ్డించాలె.

గ్రూపుల ఇప్పుడు పార్టీల మీద కొట్లాడి రోజుకొకడు లెఫ్ట్ అయితుండు, వాళ్లను గూడ మల్ల కలుపుండ్రి. అప్పుడు మా రూంల ఒక గోడకు ఎర్రజెండా విద్యార్థి సంఘం పీడీఎస్‌యూ పోస్టర్, ఎదురు గోడకు దానికి పడని ఏబీవీపీ క్యాలెండర్ ఉండె, నడుమ మంచం మీద ఇద్దరు ఒక్క ప్లేట్ల తిన్నరు. రాత్రంత వాదులాట, పొద్దుగాల ఒకని అంగి ఇంకొకడు ఏసుకోని ఇంటర్వ్యూకు పోయేటోడు. ఇప్పుడు ఏమయిందో తెల్వది, ఫార్వర్డ్ మెసేజ్ ఒక్కదానికి ఇరవై ఏండ్ల దోస్తును బ్లాక్ చేస్తున్నరు.

సరే, ఉత్తగ తప్పులు పట్టుడు గాదు, నేను అడిగేది గూడ చెప్త. ఆ ఎర్ర చుక్క తీసెయ్యండ్రి. అడ్మిషన్ నంబర్ గడి తీసి "ఏ రూంల ఉన్నవ్, ఎవలతోని ఉన్నవ్" అని పెట్టుండ్రి, చాలు, ఒక్కొక్క బోర్డర్ వాని రూంల ఉన్నోళ్ల పేర్లు రాస్తే వారం రోజులల్ల లిస్టు డబల్ అయితది. పైసల సంగతి, మనకు తెలిసిన పద్ధతే ఉంది, డివైడింగ్. తహసీల్దార్లు, సీఐలు, లెక్చరర్లు, రియల్ ఎస్టేట్ల బాగుపడ్డోళ్లు ఎక్కువ ఏసుకుందురు, లేనోడు ఉత్త చేతులతోని రావాలె. ఎవలు ఎంత ఇచ్చిన్రో ఫ్లెక్సీ మీద రాయొద్దు, అప్పుడు గూడ ఎవల పాలు ఎంతో నోటీసు బోర్డు మీద పెట్టలే గదా. నా వంతు మూడు తలల పైసలు పంపుత, ఒకటి నాది, ఒకటి ఖమ్మం వానిది, ఇంకోటి ఎవలకన్న. వానికి ఈ సంగతి చెప్పకుండ్రి, చెప్తే రాడు.

రిసార్టు ఎందుకు అనేది గూడ జెర ఆలోచన చేయండ్రి. షామీర్‌పేట దాక పోయి స్విమ్మింగ్ పూల్ పక్కపొంటి మన ముచ్చట్లు చెప్పుకునుడు ఏంది? అండ్ల మనోళ్లల్ల ఈత వచ్చేటోళ్లంత ఊరి బాయిల నేర్సుకున్నోళ్లు, రిసార్టోడు చెడ్డీ రూల్ చెప్తే లొల్లి అయితది. పర్మిషన్ దొరికితే క్యాంపస్‌లనే ఒక్క రోజు, చెట్ల కింద, స్టీలు ప్లేట్లల్ల అన్నం పప్పు తొక్కు పెట్టుండ్రి, ఎక్కువ ఖర్సు గూడ కాదు.

క్యాంపస్‌ల పెడితే మాత్రం ఒక్క మాట గట్టిగ చెప్తున్న. మీ ప్రోగ్రాం కాయితంల సాయంత్రం ఆరు నుంచి డీజే అని ఉంది. హాస్టళ్లల్ల ఇప్పుడు ఉన్న పిల్లలకు గ్రూప్స్ ఉంటయి, డీఎస్సీ ఉంటది, పీహెచ్‌డీ పనులుంటయి, రాత్రి రెండింటి దాక లైటు ఆర్పకుంట చదివేటోళ్లు ఇప్పటికి ఉన్నరు, వాళ్ల మంచాల కింద రేకు పెట్టెలు ఎవలెవలియి ఉన్నయో మనం అడిగే పనిలేదు. మనం చదువుకునేటప్పుడు ఎవడన్న తెల్ల అంగి ఏసుకోని కారుల ఒచ్చి కిటికీ కింద సౌండ్ బాక్సులు పెడితే మనం వానికి ఏం మర్యాద చేసేటోళ్లమో మీకు మంచిగ తెలుసు. కాబట్టి డీజే క్యాన్సల్ చేయండ్రి, అడ్వాన్స్ వాపస్ ఇయ్యకపోతే ఆ నష్టం గూడ డివైడింగ్‌ల ఏయండ్రి, నా పాలు నేను ఇస్త.

ఇట్లు
మీ పాత రూమ్మేట్
(మొదటి ఏడాది నాన్‌బోర్డర్, రెండో ఏడాది బోర్డర్)